క్లిప్పులతో పాటు నాలుకకు, పెదవులకు ఎక్సర్‌సైజులు కూడా చేయించమన్నారు. నిజంగా అవసరమా?

విజ్జి_బెజవాడ
మా పాపకు 11 ఏళ్ళు. వెనక పళ్ళు కరిచి పట్టినా ముందు పళ్ళు కలవవు, మధ్యలో సందు ఉండిపోతుంది. జామకాయ ముందు పళ్ళతో కొరకలేదు, పక్క పళ్ళతో లాగుతుంది. క్లిప్పులు వేయిద్దామని తీసుకెళ్తే డాక్టరు గారు రెండు పనులు చెప్పారు. ఒకటి క్లిప్పులు. రెండోది మయోఫంక్షనల్ థెరపీ అట, అంటే నాలుకకు, పెదవులకు, బుగ్గలకు వ్యాయామాలు. దానికి విడిగా 25 వేలు. "గుటక వేసినప్పుడల్లా నాలుక ముందుకు తోస్తోంది, అది మారకపోతే క్లిప్పులు తీసేశాక మళ్ళీ తెరుచుకుంటుంది" అన్నారు.

మా ఆయనేమో నాలుకకు వ్యాయామం ఏంటి, డబ్బులు గుంజడానికి కాకపోతే అంటున్నారు. మా అత్తగారు "ఇంటి నిండా పిల్లల్ని పెంచాం, ఎవరి నాలుకకూ ట్యూషన్ పెట్టించలేదు" అంటున్నారు. చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి. పాప నిద్రలో నోరు తెరిచే ఉంటుంది, అది కూడా దీనికి సంబంధమేనా?

కూకట్‌పల్లి_కుర్రాడు
25 వేలా! క్లిప్పులకే జనం ఈఎంఐలు కడుతున్నారు. మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అక్కా. ఆ ఎక్సర్‌సైజులు యూట్యూబ్‌లో ఫ్రీగా బోలెడున్నాయి.

ఓరుగల్లు_రాజి
కుర్రాడు గారూ, అంత తేలిగ్గా తీసిపారేయకండి. నాకూ ఇదే సమస్య. ఇంటర్‌లో క్లిప్పులు వేయించారు, పళ్ళు చక్కగా కలిశాయి. క్లిప్పులు తీశాక రిటైనర్ (పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునేది) రోజూ పెట్టుకున్నాను, ఒక్క రాత్రి మానలేదు. అయినా డిగ్రీ అయ్యేసరికి ముందు సందు మళ్ళీ మొదలైంది. అమ్మకు ఎంత బాధ వేసిందో! అప్పు చేసి కట్టిన డబ్బు అది.

రెండోసారి వెళ్ళిన డాక్టరు నోట్లో కొంచెం నీళ్ళు పోసి, పెదవులు వేళ్ళతో విడదీసి పట్టుకుని మింగమన్నారు. అద్దంలో నేనే చూశాను, పళ్ళ మధ్య నుంచి నాలుక బయటికొచ్చింది. మొదటి డాక్టరు ఆ మాటే ఎత్తలేదు. ఈసారి క్లిప్పులతో పాటే స్పీచ్ థెరపిస్టు దగ్గర వ్యాయామాలు చేశాను. ఇప్పుడు నాకు పెళ్ళై బాబు కూడా పుట్టాడు, పళ్ళు కలిసే ఉన్నాయి. మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత ఖర్చు, ఇంత ఏడుపు ఉండేది కాదు.

నెల్లూరు_చేపలపులుసు
రాజి గారు చెప్పిన నీళ్ళ టెస్టు ఇప్పుడే ఇంట్లో అందరికీ పెట్టాను. మా వారి షర్టు తడిసింది. రిజల్ట్ రేపు చెబుతా 😄

దంతసేవ
నేను ఆర్థోడాంటిస్టునే, అంటే క్లిప్పులు వేసే డాక్టర్నే, గుంటూరు వైపు. రాజి గారి అనుభవాన్ని కాదనను, కానీ విషయం కొంచెం లోతుగా చూడాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. బోస్టన్‌లో ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ అనే ఆర్థోడాంటిస్టు 1918లోనే ముఖం కండరాలకు వ్యాయామాలు చెప్పాడు. కండరాల్నే సజీవమైన క్లిప్పులుగా వాడుకోవచ్చన్నది ఆయన నమ్మకం. 1950ల నుంచి వాల్టర్ స్ట్రాబ్ లాంటివాళ్ళు నాలుక తోపుడు మీద బాగా ప్రచారం చేశారు. తర్వాత వేడి చల్లారింది. కారణం, లెక్క సరిపోకపోవడం.

ఆ లెక్క ఇది. మనిషి రోజుకు వేసే గుటకలు మొత్తం వెయ్యి లోపే. ఒక్కో గుటకలో నాలుక పళ్ళను నొక్కేది ఒక సెకను. అన్నీ కలిపినా పదిహేను, పదిహేడు నిమిషాలు దాటదు. పన్ను కదలాలంటే తక్కువ బలమైనా సరే, రోజులో దాదాపు ఆరు గంటలు ఆగకుండా పడాలి. అమెరికా ఆర్థోడాంటిస్టు విలియం ప్రాఫిట్ 1978లో ఈ మాట గట్టిగా చెప్పాడు. అంటే గుటకలో నాలుక తోపుడు చాలాసార్లు కారణం కాదు, ఫలితం. ముందు సందు ఉంది కాబట్టి మింగేటప్పుడు నోరు మూసుకోవడానికి నాలుక అక్కడికి వెళ్తుంది. సందు మూస్తే చాలామందిలో నాలుక దానంతటదే సర్దుకుంటుంది.

కాబట్టి ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఈ ప్యాకేజీ అంటగట్టడం నాకు ఇష్టం ఉండదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
చూశారా, డాక్టరే చెప్పారు.

నాదం_మాటలు
కుర్రాడు గారూ, డాక్టరు గారి పోస్టులో సగమే చదివినట్టున్నారు. ఆయన చెప్పింది గుటక గురించి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాలుక ఎక్కడ ఉంటుందో అది వేరే సంగతి.

నేను స్పీచ్ థెరపిస్టుని, పిల్లలతోనే ఎక్కువ పని చేస్తాను. గుటకకు ఆ పదిహేను నిమిషాలు సరే. మిగతా రోజంతా నాలుక ఎక్కడుంటుంది? టీవీ చూస్తున్నప్పుడు, హోంవర్క్ చేస్తున్నప్పుడు, నిద్రలో? నోరు తెరిచి ఊపిరి పీల్చే పిల్లల్లో నాలుక కిందకి జారి, కింది పళ్ళ మీదనో రెండు వరుసల మధ్యనో పడి ఉంటుంది. అది నిమిషాల లెక్క కాదు, గంటల లెక్క. ప్రాఫిట్ కూడా గుటక కన్నా విశ్రాంతి స్థితిలోని ఒత్తిడికే ప్రాధాన్యం ఇచ్చాడు కదా డాక్టరు గారూ. మంచి థెరపీ గుటకతో మొదలవ్వదు. నాలుకను అంగిలికి చేర్చి ఉంచడం, పెదవులు మూసి ఉంచడం, ముక్కుతో ఊపిరి, ఈ మూడింటితో మొదలవుతుంది.

రాజి గారి కేసు లాంటివాటి మీద 2010లో స్మిత్‌పీటర్, కోవెల్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం వేశారు. ముందు సందుకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళను తీసుకున్నారు. క్లిప్పులతో పాటు వ్యాయామాలు చేసినవాళ్ళలో సందు సగటున 0.5 మిల్లీమీటరు తిరిగొచ్చింది, వ్యాయామాలు లేనివాళ్ళలో 3.4 మిల్లీమీటర్లు. తేడా చిన్నది కాదు.

దంతసేవ
ఆ పేపరు నేనూ చదివాను. మంచి పేపరే. కానీ అది పాత రికార్డులు చూసి రాసింది, చీటీలు వేసి రెండు గుంపులు చేసింది కాదు. ఓపిగ్గా రోజూ వ్యాయామం చేసే పేషెంటు రిటైనర్ కూడా ఓపిగ్గా పెట్టుకుంటాడు. ఫలితం దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

విశ్రాంతి స్థితి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అందుకే నా దగ్గరికి వచ్చిన పిల్లలను వెయిటింగ్ హాల్లో ఫోన్ చూస్తున్నప్పుడు గమనిస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి "మామూలుగా ఉండమ్మా" అంటే ఏ పిల్లా మామూలుగా ఉండదు.

నాదం_మాటలు
వెయిటింగ్ హాల్లో చూడటం చాలా మంచి పని. అలా చూసేవాళ్ళు తక్కువ.

తణుకు_తాతయ్య
మా మనవడు బొటనవేలు చీకుతాడు. ఆరేళ్ళు. పై పళ్ళు ఎత్తుగా వస్తున్నాయి. వేపాకు రసం రాస్తే వేలు కడుక్కుని వచ్చి మరీ చీకుతున్నాడు. వీడికి కూడా ఈ వ్యాయామాలు పనికొస్తాయా?

నాదం_మాటలు
తాతయ్య గారూ, ముందు వేలు మాన్పించాలి, వ్యాయామాలు తర్వాత. వేలు నోట్లో ఉన్నంతసేపూ నాలుక పైకి వెళ్ళే దారే లేదు. వేపరసం, కారం, కొట్టడం వద్దు. నిద్ర వచ్చినప్పుడా, ఒంటరిగా ఉన్నప్పుడా, ఎప్పుడు చీకుతున్నాడో వారం పాటు గమనించండి. ఆ సమయంలో చేతికి వేరే పని ఇవ్వండి. చీకని రోజుకు క్యాలెండర్‌లో స్టిక్కరు వాడితోనే అంటించండి. ఈ వయసులో మానేస్తే చాలామందికి ముందు సందు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఏడేళ్ళ లోపు ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించండి.

తణుకు_తాతయ్య
స్టిక్కర్లు కొన్నాం. వాడు నాకు కూడా ఒకటి అంటించాడు, చుట్ట మానేస్తే ఇంకోటి ఇస్తానన్నాడు.

పసిపిల్లల_నర్సు
ఇంతమంది ఇన్ని చెప్పారు, విజ్జి గారు చివర్లో రాసిన వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాప నిద్రలో నోరు తెరిచి ఉంటుంది! క్లిప్పులకన్నా, వ్యాయామాలకన్నా ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గురక ఉందా? పొద్దున లేవగానే నోరు ఎండిపోతోందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందా? అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు) పెరిగి ఉండొచ్చు, టాన్సిల్స్ కావొచ్చు, అలర్జీతో ముక్కు దిబ్బడ కావొచ్చు. ముక్కు మూసుకుపోయిన పిల్లకు "నోరు ముయ్యి, నోరు ముయ్యి" అని చెప్పడం అన్యాయం. ఊపిరి ఎలా తీసుకుంటుంది?

ఇంకో మాట. రాత్రి నోటికి టేపు వేయడం అని ఇప్పుడు ఫోన్లలో తిరుగుతోంది. ముక్కు సంగతి తేలకుండా పిల్లల నోటికి టేపు వేయకండి. దయచేసి.

దంతసేవ
నూటికి నూరుపాళ్ళు. ఇది అందరం ముందే రాయాల్సింది.

డాలస్_బావ
మా ఆఫీసులో ఒక బ్రెజిల్ ఆవిడ ఉంది, వాళ్ళ అక్క స్పీచ్ థెరపిస్టు. అక్కడ ఈ నోటి కండరాల పని స్పీచ్ థెరపీ చదువులో ఒక పెద్ద భాగమట. 2014లో చట్టం చేసి పుట్టిన ప్రతి బిడ్డకూ ఆసుపత్రిలోనే నాలుక కింది నరం బిగుతుగా ఉందేమో చూడాలన్నారు. మన దగ్గర నాలుక మొద్దు అంటాం, నత్తి అంటాం, నాలుక ఎత్తి కింద చూసేవాళ్ళు ఎంతమంది?

ఇక్కడ అమెరికాలో మా అబ్బాయికి చెప్పారు కానీ ఇన్సూరెన్స్ ఒప్పుకోలేదు. జేబులోంచే కట్టాం. మావాడికి నాలుక కింది పొర చిన్నదని చిన్న కోత పెట్టారు, ముందూ తర్వాతా వ్యాయామాలు చేయించారు. స అనే అక్షరం ఇప్పుడు బాగా పలుకుతున్నాడు.

నాదం_మాటలు
బావ గారూ, అది నరం కాదు, పలచని పొర. ఆ పొర కోయడం అందరికీ అవసరం లేదు. నోరు బాగా తెరిచి నాలుక కొనను అంగిలికి ఆనించమంటే ఆనించలేకపోతేనో, బయటికి చాపితే కొన దగ్గర నొక్కు పడితేనో ఆలోచిస్తాం. కోసి వ్యాయామం చేయకుండా వదిలేస్తే ఉపయోగం తక్కువ.

నెల్లూరు_చేపలపులుసు
మా పెద్దోడికి 17. రోజంతా మూతి బిగించి నాలుక పైకి నొక్కి కూర్చుంటున్నాడు. మ్యూయింగ్ అట, దవడ షేపు వస్తుందట. అన్నం తినరా అన్నా చేత్తో సైగ చేస్తున్నాడు. ఇదీ అదీ ఒకటేనా?

దంతసేవ
ఒకటి కాదమ్మా. మ్యూయింగ్ అన్నది బ్రిటన్ ఆర్థోడాంటిస్టు జాన్ మ్యూ ఆలోచనల నుంచి సోషల్ మీడియాకు పాకింది. నాలుక పైన ఆన్చుకుంటే ఎదిగిన మనిషి దవడ ఎముక ఆకారం మారుతుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. బలవంతంగా నొక్కితే దవడ కీలు నొప్పి రావొచ్చు. నాలుక మెత్తగా ఆని ఉండాలి, నొక్కకూడదు. మీవాడికి సమస్య ఏమైనా ఉంటే చూపించండి, లేకపోతే అన్నం తినమనండి.

ఓరుగల్లు_రాజి
విజ్జి గారు అడిగినదానికి నా తరఫున ఇంకొంచెం. యూట్యూబ్ చూసి చేయడం నేనూ ప్రయత్నించాను. కష్టం ఏంటంటే, తప్పు చేస్తున్నామో ఒప్పు చేస్తున్నామో మనకే తెలియదు. నాలుక కొన సరైన చోటే ఉందనుకుంటాం, గుటక వేసే క్షణంలో అది మళ్ళీ పళ్ళ మీదకి వస్తుంది. పక్కన ఒకరు కూర్చుని పెదవి విడదీసి చూస్తేనే బయటపడుతుంది. డబ్బు కట్టేది ఆ చూపుకి.

కూకట్‌పల్లి_కుర్రాడు
సరే రాజి గారూ, ఆ పాయింటు బాగుంది. అసలు ఏం చేయిస్తారో ఎవరైనా రాయండి, ఇంత చర్చ జరుగుతోంది, ఒక్క ఎక్సర్‌సైజు కూడా తెలియలేదు.

నాదం_మాటలు
రాస్తాను, కానీ ఇది చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు. పిల్లను బట్టి మారతాయి.

మొదటిది నాలుక చోటు. ల్ల్ల్ అని సాగదీసి పలకండి. నాలుక కొన పై పళ్ళ వెనక చిగురు దాటి గరుకుగా ఉన్న చోట ఆనుతుంది కదా, పళ్ళను తాకకుండా. అదే దాని ఇల్లు. త, ద పలికితే పళ్ళకు తగులుతుంది, అది వద్దు. పిల్లలకు ల తోనే నేర్పుతాను, వెంటనే పట్టుకుంటారు. కొందరికి మొదట్లో అక్కడ కొంచెం తేనె రాసి నాలుకతో వెతకమంటాను.

తర్వాత నాలుక మొత్తం అంగిలికి అతికించి టక్కున వదలడం. గుర్రం డెక్కల చప్పుడు రావాలి. ఊరికే కొన కొడితే చప్పుడు పలచగా వస్తుంది, నాలుక వీపు మొత్తం అతుక్కుంటే గట్టిగా వస్తుంది. వినగానే తెలిసిపోతుంది. ఆ అతికించినదాన్ని వదలకుండా నోరు మెల్లగా తెరవడం దాని తర్వాతి మెట్టు. నాలుక కింది పొర సాగేది ఇక్కడే.

పెదవులకు గుండీ ఆట. పెద్ద గుండీకి గట్టి దారం కట్టి పెదవుల వెనక, పళ్ళ ముందు పెడతాం. దారం లాగుతుంటే పెదవులతో ఆపాలి. దారం కొస పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, గుండీ లోపలికి జారకూడదు. పై పెదవి పొట్టిగా ఉన్నవాళ్ళకు దాన్ని కిందికి దించి పై పళ్ళను కప్పి ఉంచడం. చదువుకునేటప్పుడు పెదవుల మధ్య ఐస్‌క్రీం పుల్ల అడ్డంగా పట్టుకుని ఉంచడం, పళ్ళతో కాదు.

ఇవన్నీ కుదిరాకే గుటక. క్లిప్పులకు వాడే చిన్న రబ్బరు బ్యాండు నాలుక కొన మీద పెట్టి, ఆ ల చోటికి ఆనించి, వెనక పళ్ళు కలిపి, పెదవులకు పని చెప్పకుండా మింగాలి. బ్యాండు జారిందంటే నాలుక కదిలినట్టే. ఇది చిన్నపిల్లలకు ఒంటరిగా ఇవ్వం, మింగేస్తారు. మొదట లాలాజలంతో, తర్వాత నీళ్ళతో, తర్వాత పెరుగన్నం, చివరికి గట్టి తిండి.

ఆఖరి భాగమే అసలు కష్టం, అలవాటుగా మారడం. థెరపీ గదిలో అందరూ బాగా చేస్తారు. బడిలో, బస్సులో, నిద్రలో నిలబడాలి. నెలలు పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు కొద్ది నిమిషాలు చాలు, ఆదివారం ఒక్కరోజే గంట కూర్చోబెడితే ఏమీ రాదు.

నెల్లూరు_చేపలపులుసు
డెక్కల చప్పుడు మా ఇంట్లో మొదలైంది. పై పోర్షన్ వాళ్ళు అడుగుతున్నారు ఏం జరుగుతోందని.

విజ్జి_బెజవాడ
అందరికీ థాంక్స్ అండి. నర్సు గారి మాట చదివి ఆ మర్నాడే ఈఎన్‌టీకి చూపించాం. అడినాయిడ్స్ కొంచెం ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు, అలర్జీ ఎక్కువ అన్నారు. ముక్కులో స్ప్రే ఇచ్చి కొన్నాళ్ళ తర్వాత రమ్మన్నారు. మా ఆయన ఇప్పుడు పాప పడుకున్నాక టార్చి వేసి నోరు మూసిందో లేదో చూస్తున్నారు.

ఇంకా రెండు డౌట్లు. వ్యాయామాలు ముందా, క్లిప్పులు ముందా? 25 వేలు కాకుండా వేరే దారి ఉందా?

దంతసేవ
ముందు ఒక ప్రశ్న మీ డాక్టరు గారిని అడగండి. సందు పళ్ళ వల్లనా, దవడ ఎముక ఎదుగుదల వల్లనా? పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో తెలుస్తుంది. ముఖం పొడుగ్గా, కింది దవడ కిందికి, వెనక్కి తిరిగి పెరిగేవాళ్ళలో వ్యాయామాలతో సందు మూయలేం. బాగా ఎక్కువైతే ఎదుగుదల పూర్తయ్యాక దవడ సర్జరీ వరకు వెళ్ళాలి. అలాంటివాళ్ళకు ప్యాకేజీ అమ్మడమే నాకు కోపం తెప్పించేది.

పళ్ళ వల్లే అయితే, ఊపిరి బాగుపడ్డాక మొదలుపెట్టండి. నాలుక చోటు, పెదవుల వ్యాయామాలు క్లిప్పులకు ముందే నేర్పితే సుఖం. గుటక భాగం క్లిప్పులతో సందు కొంత మూశాక తేలిక. కొందరికి పై పళ్ళ వెనక నాలుకకు అడ్డంగా తీగల కంచె పెడతాం. అది నాలుకను ఆపుతుంది, కానీ ఎక్కడ ఉండాలో నేర్పదు. అక్కడ నాదం_మాటలు గారి పని ఉంది, ఒప్పుకుంటాను.

నాదం_మాటలు
ఈ వాక్యం ప్రింటు తీసి మా క్లినిక్‌లో పెట్టుకుంటా డాక్టరు గారూ.

ఖర్చు సంగతి. ప్యాకేజీలో ఎన్ని సిట్టింగులు, ఎవరు నేర్పుతారు, వాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారు, నోట్లో పెట్టే సిలికాన్ ట్రైనర్ ధర అందులో కలిసిందా, ఇవి అడగండి. ట్రైనర్ ఇచ్చి "రాత్రి పెట్టుకో" అని పంపేసి దాన్నే థెరపీ అంటే ఒప్పుకోవద్దు. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఆర్థోడాంటిక్స్ (క్లిప్పుల) విభాగంలో చూపించండి, ఖర్చు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ వాళ్ళకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ. మాట సమస్య కూడా ఉంటే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో స్పీచ్ విభాగం ఉంది. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి.

పసిపిల్లల_నర్సు
స్ప్రే వాడేటప్పుడు ముక్కు మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు తిప్పి కొట్టండి విజ్జి గారూ. చాలామంది తప్పుగా కొట్టి రక్తం వచ్చిందని మానేస్తారు.

విజ్జి_బెజవాడ
అవునా! మాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ్టి నుంచి అలాగే.

చిత్తూరు_మామిడి
ఈ చర్చ మొత్తం చదివాను. నాకు 34. పెద్దవాళ్ళకు ఉపయోగం ఉందా? గురక కూడా ఉంది, మా ఆవిడ హాల్లో పడుకుంటోంది.

నాదం_మాటలు
ఉంటుంది, పెద్దవాళ్ళు శ్రద్ధగా చేస్తారు కూడా. నిద్రలో ఊపిరి ఆగే సమస్య మీద 2015లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఈ తరహా వ్యాయామాలతో పెద్దవాళ్ళలో నిద్రలో ఊపిరి ఆగడం దాదాపు సగానికి తగ్గింది. కానీ మీరు ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి. సమస్య తీవ్రంగా ఉంటే నిద్రలో గాలి అందించే మెషీన్ అవసరం, వ్యాయామం దానికి తోడు మాత్రమే.

చిత్తూరు_మామిడి
పరీక్షకు ఈఎన్‌టీ దగ్గరికా, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికా?

పసిపిల్లల_నర్సు
ఎవరైనా రాసిస్తారు. మీ ఊళ్ళో ఎవరి దగ్గర స్లీప్ స్టడీ సదుపాయం ఉందో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. బీపీ కూడా చూపించుకోండి.